బజారు కబుర్లతో యుద్ధం చేసిన అడ్మిరల్

1971లో, వైస్ అడ్మిరల్ కృష్ణన్ మా ఊరి నుంచి పాకిస్తాన్ తో సముద్ర యుద్ధం నడిపిన ఏడు, నాకు పదకొండేళ్ళు. మా ఇల్లు విశాఖపట్నం వన్ టౌన్ లో, కోటవీధి దగ్గర. డాబా ఎక్కితే డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్ హౌస్, ఇటుపక్క రాస్ హిల్ మీద చర్చి, ఇంకో కొండ మీద దర్గా, ఇంకో దాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, అన్నీ కనపడేవి. ఓడలు పోర్టులోకి వచ్చేప్పుడు నీళ్ళు కనపడేవి కాదు, పొగగొట్టాలు మాత్రం ఇళ్ళ కప్పుల వెనకాల నుంచి నెమ్మదిగా కదులుతూ పోయేవి, మా చెల్లెలు వాటికి చెయ్యి ఊపేది.

ఇప్పటి వైజాగ్ చూసినవాళ్ళకి అప్పటి ఊరు ఎలా ఉండేదో చెప్తే నమ్మరు. పోర్టు, షిప్ యార్డు, కాల్టెక్స్ ఆయిల్ రిఫైనరీ, యూనివర్సిటీ, కేజీహెచ్ ఆసుపత్రి, ఇంతే ఊరంటే. జగదాంబ సినిమా హాలు అప్పుడే కొత్త. ఆ ఏడు జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసి వెళ్ళింది, ఇంక ఇంటికో ఉద్యోగం అని ఊరంతా ఒకటే సంబరం. అదే ఏడు డిసెంబర్లో అదే ఆవిడ గొంతు అర్ధరాత్రి రేడియోలో యుద్ధం వచ్చిందని చెప్తుందని ఎవరనుకున్నారు.

నేవీ అంటే మాకు పెద్ద వింత కాదు. సర్కార్స్ అనే నేవీ బేస్ ఎప్పటినుంచో ఉంది, 1939లో బ్రిటిష్ వాళ్ళ టైంలోనే మొదలైంది, మన ఉత్తర సర్కారుల పేరే దానికి పెట్టారు. ఆదివారం వస్తే తెల్ల యూనిఫారం కుర్రాళ్ళు జగదాంబ దగ్గరా, బీచ్ రోడ్డులోనూ గుంపులుగా తిరిగేవాళ్ళు, హిందీ, మలయాళం, పంజాబీ అన్నీ వినపడేవి. ఆ మే నెలలో వీరబాహు అని సబ్‌మెరైన్ బేస్ కూడా పెట్టారు, రష్యా నుంచి వచ్చిన నాలుగు సబ్‌మెరైన్లూ అప్పటికి మన దగ్గరున్నాయి. ఇప్పుడు ఆర్కే బీచ్ లో జనం టికెట్ కొనుక్కుని ఎక్కే కుర్సురా వాటిల్లో ఒకటి.

మా పక్క వాటాలో ఒక నేవీ అతను అద్దెకుండేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి, సర్కార్స్ లో రేషన్ స్టోర్స్ లో పని. మేం పిల్లలం "నేవీ అన్నయ్య" అనేవాళ్ళం, అతను మా నాన్నని బాబాయ్ అనేవాడు. మా నాన్న పూర్ణా మార్కెట్లో ఒక కూరగాయల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఆ కొట్టు నుంచి నేవీకి సరుకు వెళ్ళేది, కాబట్టి నాన్న రాసే చిట్టాలు అక్కడ అన్నయ్య చేతికే చేరేవన్నమాట, సాయంత్రం అరుగు మీద ఇద్దరూ కూర్చుంటే సగం మాటలు ఉల్లిపాయల బస్తాల గురించే. వైస్ అడ్మిరల్ కృష్ణన్ అన్న పేరు నేను మొదటిసారి విన్నది ఆ అరుగు మీదే.

ఆయన పూర్తి పేరు నీలకంఠ కృష్ణన్. సొంతూరు నాగర్‌కోయిల్, అప్పుడది తిరువాన్కూరు సంస్థానం. 1919లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 22 ఏళ్ళ కుర్ర ఆఫీసర్ గా పర్షియన్ గల్ఫ్ లో పోరాడి 1941లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే మెడల్ తెచ్చుకున్నారు, బ్రిటిష్ వాళ్ళు అలాంటివి మనవాళ్ళకి తేలిగ్గా ఇచ్చే కాలం కాదు అది. ఇది చెప్పేప్పుడు నేవీ అన్నయ్య గొంతు మారిపోయేది, తనే వెళ్ళి ఆ మెడల్ అందుకున్నట్టు. మా నాన్న మాత్రం "అయితే జీతం ఎంతుంటుందిరా ఆయనకి" అని అడిగేవాడు.

తర్వాత 1961 డిసెంబర్లో గోవా, డామన్, డయ్యూ పోర్చుగీసు వాళ్ళ నుంచి తీసుకున్నప్పుడు ఐఎన్ఎస్ ఢిల్లీ అనే క్రూయిజర్ కి ఆయనే కెప్టెన్, డయ్యూ కోట మీద గుండ్లు కురిపించింది ఆ ఓడే. ఆ ఢిల్లీది కూడా చిన్న చరిత్ర కాదు, పాత పేరు అకిలీస్, 1939లో దక్షిణ అమెరికా దగ్గర గ్రాఫ్ స్పీ అనే జర్మన్ యుద్ధనౌకని తరిమిన మూడు ఓడల్లో ఒకటి, యుద్ధం అయ్యాక మనం కొనుక్కున్నాం. ఆ తర్వాత విక్రాంత్ అనే ఓడకి కెప్టెన్ గా చేశారు, ఢిల్లీలో నేవీ వైస్ చీఫ్ గా చేశారు, బొంబాయిలో వెస్ట్రన్ కమాండ్ చూశారు, 1971 మొదట్లో మా ఊరికి ఈస్టర్న్ నేవల్ కమాండ్ పెద్దగా వచ్చారు.

నిజం చెప్పాలంటే అప్పట్లో విశాఖ పోస్టింగ్ అంటే నేవీలో ఎవరికీ అంత గొప్ప కాదు. పేరున్న ఓడలన్నీ బొంబాయిలో, అసలు యుద్ధం వస్తే కరాచీ వైపే వస్తుందని అందరి లెక్క. ఇటు బంగాళాఖాతంలో ఏముంది అన్నట్టు. కానీ ఆ మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తాన్ లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ లో, ఢాకా మీద పాకిస్తాన్ ఆర్మీ విరుచుకుపడేసరికి లెక్క తిరగబడింది. కోటిమంది కాందిశీకులు ఇటు వచ్చేశారు, తూర్పు సముద్రం ఉన్నట్టుండి ముఖ్యమైపోయింది.

ఆయన చేతికొచ్చిన ఆయుధాల్లో పెద్దది విక్రాంత్. మనకున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక, అది కూడా జబ్బు మనిషి. నాలుగు బాయిలర్లలో ఒక దానికి బీటలు. పూర్తి వేగం ఇవ్వలేదు, 16 నాట్లు, అంటే గంటకి సుమారు 30 కిలోమీటర్లు, మించి తోలితే ప్రమాదం అని ఇంజనీర్లు అన్నారు. విమానాల ఓడకి వేగం ఎందుకంత ముఖ్యమో అన్నయ్య మాకు గాలిపటంతో చూపించాడు, గాలికి ఎదురు పరిగెడితేనే కదా లేచేది, ఓడ ఎంత జోరుగా గాలికి ఎదురెళ్తే విమానం అంత తేలిగ్గా డెక్ మీంచి లేస్తుంది. వేగం తగ్గితే గాలి లేని రోజు విమానాలు ఎగరడమే కష్టం. 1965 యుద్ధంలో కూడా విక్రాంత్ రిపేర్లో ఉండి యుద్ధానికి వెళ్ళలేదు, దాని మీద జనం ఎన్ని జోకులేశారో. ఈసారి కూడా డాక్ లోనే కూర్చోబెడితే ఆ ఓడకీ, అందులో వాళ్ళకీ ఇంక మొహం ఎత్తుకోవడం ఉండదని కృష్ణన్ గారూ, నేవీ చీఫ్ అడ్మిరల్ నందా గారూ గట్టిగా అనుకున్నారు. బీటలున్న బాయిలర్ తోనే తూర్పుకి తెచ్చారు. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, పైనుంచి ఎవరూ తప్పు పట్టకుండా "రిపేర్లో ఉంది సార్" అని చేతులు దులుపుకునే దారి పక్కనే ఉంది, అది వద్దనుకున్నారు.

అయితే పాకిస్తాన్ వాళ్ళకి విక్రాంత్ అంటే భయం కంటే ఆశ ఎక్కువ. దాన్ని ముంచితే ప్రపంచం మొత్తం హెడ్ లైన్. వాళ్ళ దగ్గరున్న సబ్‌మెరైన్లలో బంగాళాఖాతం దాకా వచ్చి తిరిగి వెళ్ళగలిగింది ఒక్క ఘాజీయే, మిగతావి ఫ్రెంచి రకం చిన్నవి. ఘాజీ అమెరికా వాళ్ళది, డయాబ్లో దాని పాత పేరు, 1944లో నీళ్ళలోకి దిగింది, అరవైల్లో పాకిస్తాన్ కి ఇచ్చారు. 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది, కమాండర్ జాఫర్ మహమ్మద్ ఖాన్ దానికి కెప్టెన్. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) చుట్టూ తిరిగి మద్రాసు వైపు వచ్చింది, ఎందుకంటే విక్రాంత్ అంతకు ముందు మద్రాసు దగ్గర తిరుగుతోందని వాళ్ళకి కబురుంది.

ఈలోగా కృష్ణన్ గారి వాళ్ళకి ఒక తీగ దొరికింది. తూర్పు పాకిస్తాన్ రేవు చిట్టగాంగ్ లో ఉన్న పాకిస్తాన్ నేవీ వాళ్ళకి వచ్చిన ఒక వైర్‌లెస్ మెసేజ్ లో ఒక రకం లూబ్రికేటింగ్ ఆయిల్ గురించి వాకబు ఉంది. ఆ ఆయిల్ వాడేది సబ్‌మెరైన్లూ, సముద్రంలో మైన్లు అంటే మందుపాతరలు ఏరే మైన్‌స్వీపర్ ఓడలూ మాత్రమే. మైన్‌స్వీపర్లు అంత దూరం రావు. అంటే సబ్‌మెరైన్ వస్తోంది, అంత దూరం వచ్చేది ఘాజీ ఒక్కటే. నూనె డబ్బా అడిగి దొరికిపోయారు, అంతే.

అప్పుడు ఆయన చేసిన పని విక్రాంత్ ని మద్రాసు నుంచి అండమాన్ దీవుల్లో ఒక మారుమూల తావుకి పంపేయడం. దానికి పోర్ట్ ఎక్స్‌రే అని దొంగ పేరు పెట్టారు, మ్యాపులో వెతికితే దొరకదు. ఇది సగం పని. మిగతా సగం, విక్రాంత్ విశాఖపట్నంలోనే ఉందని శత్రువుని నమ్మించడం. దానికి ఆయన వాడింది రెండు. ఒకటి రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయర్, రెండో ప్రపంచ యుద్ధం నాటిది, ఇంక పక్కన పెట్టేద్దామనుకుంటున్నది. దాన్ని విశాఖకి 160 మైళ్ళ దూరంలో సముద్రంలో తిప్పుతూ పెద్ద ఓడ ఎంత వైర్‌లెస్ వాడుతుందో అంతా వాడమన్నారు, కాల్ సైన్, అంటే వైర్‌లెస్ లో ఓడ గుర్తు పేరు, కూడా విక్రాంత్ దే. దానికి తోడు విక్రాంత్ లో ఒక సెయిలర్ తన తల్లికి ఒంట్లో బాగాలేదట ఎలా ఉందో చెప్పండి అని అడిగినట్టు ఒక మెసేజ్ మామూలు భాషలో, రహస్యం లేకుండా పంపించారు. పొరపాటున జారిన మాటలా ఉండాలి అది, వినేవాడు "దొరికారు" అనుకోవాలి.

రెండోది మా ఊరు.

అవునండీ, మా ఊరే. విశాఖలో ఉన్న కాంట్రాక్టర్లకి విక్రాంత్ తో సహా ఫ్లీట్ మొత్తం ఇక్కడికే వస్తోందని చెప్పి, పెద్ద ఎత్తున మాంసం, తాజా కూరగాయలు ఆర్డర్ పెట్టించారు. బజారులో మాట దాగదని ఆయనకి బాగా తెలుసు, దాగకూడదనే ఆయన కోరిక కూడా. గూఢచారులు ఎవరైనా ఉంటే వాళ్ళు సముద్రం వైపు బైనాక్యులర్స్ పెట్టి చూడక్కర్లేదు, పూర్ణా మార్కెట్లో ఒక పూట టీ తాగితే చాలు.

ఆ రోజులు నాకు బాగానే గుర్తు. నాన్న రాత్రి పొద్దుపోయాక వచ్చేవాడు, వచ్చి కూడా చిట్టా ముందేసుకుని కూర్చునేవాడు. ఆనందపురం, భీమిలి, కొత్తవలస, విజయనగరం అన్ని వైపుల నుంచీ సరుకు దిగుతోంది, ఎడ్లబళ్ళు చాలక లారీలు మాట్లాడుతున్నారు, వంకాయలు, గుమ్మడికాయలు, టమాటాలు, బంగాళాదుంపలు. మా అమ్మ "ఎవరింట్లో పెళ్ళి" అంటే నాన్న గొంతు తగ్గించి "విక్రాంత్ వస్తోంది, ఎవరికీ చెప్పకు" అన్నాడు. అమ్మ ఎవరికీ చెప్పలేదు, పిన్నికి తప్ప. పిన్ని నూతి దగ్గర చెప్పింది. నేను బళ్ళో చెప్పాను, నాకంటే ముందే మా బెంచీలో ఇద్దరికి తెలుసు. కురుపాం మార్కెట్ లో కంసాలి కొట్టు దగ్గర కూడా అదే మాట, జాలరిపేటలోనూ అదే మాట. మా ఊళ్ళో ఒక రహస్యం నిలబడాలంటే దాన్ని ఎవరికీ చెప్పకుండా ఉండాలి, గుమాస్తాకి చెప్పాక ఇంకేముంది. ఎక్కడి నుంచో వచ్చిన ఒక నాగర్‌కోయిల్ ఆయన కొన్ని నెలల్లోనే మా ఊరి నోరు ఎంత పెద్దదో ఇంత కచ్చితంగా కొలిచేశాడంటే, అదీ ఆయన గొప్ప.

నేవీ అన్నయ్య కూడా నమ్మాడు, అది మర్చిపోకూడదు. స్టోర్స్ లో పని చేసేవాడికే విక్రాంత్ వస్తోందని చెప్పారు. సొంత మనుషుల్ని కూడా చీకట్లో ఉంచడం ఏ అడ్మిరల్ కైనా సుళువు కాదనుకుంటాను, రేపు బయటపడితే వాళ్ళ మొహం చూడాలి కదా.

కరాచీలో కూడా నమ్మారు. ఘాజీ మునిగిన తర్వాత దొరికిన కాగితాల్లో నవంబర్ 25 నాటి మెసేజ్ ఒకటుందని కృష్ణన్ గారే రాశారు, విమాన వాహక నౌక పోర్టులో ఉన్నట్టు సమాచారం, వెంటనే విశాఖపట్నం వెళ్ళు అని దాని సారాంశం. మద్రాసు దగ్గర ఖాళీ సముద్రం చూసిన ఘాజీ ఇటు తిరిగింది.

డిసెంబర్ 3 శుక్రవారం సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమర వైపు మన ఎయిర్ ఫీల్డుల మీద బాంబులేశాయి. మా ఊళ్ళో బ్లాకౌట్ వాతావరణం అంతకు ముందే ఉంది. కిటికీలకి నల్ల కాగితాలు, బల్బుకి కాగితపు గొట్టం, కార్ల హెడ్ లైట్లకి పైసగం నల్ల రంగు, బడి ఆవరణలో కందకాలు. హోంగార్డులు విజిల్ వేసుకుంటూ వీధి వీధీ తిరిగేవాళ్ళు, ఎక్కడ వెలుతురు గీత కనపడినా తిట్లే. మగాళ్ళు చుట్ట వెలిగించడానికి కూడా భయపడుతుంటే మా వీధి చివర ముసలమ్మ మాత్రం దర్జాగా గుమ్మంలో కూర్చుని చుట్ట కాల్చేది, ఎందుకంటే ఆవిడది అడ్డపొగ, నిప్పు నోట్లోనే ఉంటుంది! హోంగార్డు ఆవిడ ముందు నుంచే వెళ్ళిపోయేవాడు. మా ఉత్తరాంధ్ర ఆడవాళ్ళ అలవాటు దేశరక్షణకి అలా పనికొచ్చింది.

ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. ఇందిరాగాంధీ మాట్లాడుతుందని రేడియోలో చెప్తూనే ఉన్నారు. మా ఇంట్లో రేడియో లేదు, నేవీ అన్నయ్య వాటాలో ఉంది కానీ అతను డ్యూటీలో ఉన్నాడు, వదిన రేడియో తెచ్చి అరుగు లోపలి గదిలో పెట్టింది. వీధిలో సగం మంది అక్కడే. చీకట్లో ఎవరు ఎవరో తెలియదు, గొంతులే. అర్ధరాత్రి దాటి కొంచెం సేపైందేమో, ఒక్కసారి దబ్బున మోత, నేల అదిరింది, కిటికీ రెక్కలు గడగడ కొట్టుకున్నాయి, గూట్లో గిన్నెలు కింద పడ్డాయి. జనం భూకంపం అని బయటికి పరిగెత్తారు. ఒకాయన కాల్టెక్స్ పేలిపోయిందన్నాడు, ఇంకొకడు విమానాలొచ్చేశాయన్నాడు, మా నాన్న మాత్రం "విక్రాంత్ పోయింది" అని తల పట్టుకుని కూలబడ్డాడు. ఆయన లెక్క ప్రకారం విక్రాంత్ ఇక్కడే ఉంది కదా మరి.

సముద్రంలో జరిగింది ఇది. రాజ్‌పుత్ ఆయిల్ నింపుకోవడానికి పోర్టుకి వచ్చింది. దాని కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ ని కృష్ణన్ గారు స్వయంగా పిలిపించి, శత్రు సబ్‌మెరైన్ మన తీరంలోనే ఉంది, పని కాగానే బయటికి వెళ్ళిపో, లైట్లూ గుర్తులూ అన్నీ ఆర్పేసి ఉంటాయి అని చెప్పారు. అర్ధరాత్రికి ముందు ఓడ బయల్దేరింది. ఛానల్ సగం దాటాక ఇందర్ సింగ్ కి అనుమానం వచ్చింది, సబ్‌మెరైన్ బయటే కాపు కాసుంటే? ఓడ ఆపి, పోర్టు దాటేదాకా దారి చూపే పైలట్ ని దింపేసి, ఒక్కసారిగా వేగం పెంచాడు. కాసేపటికి ముందు కుడివైపు నీళ్ళు కదులుతున్నట్టు లుకౌట్ చెప్పాడు. ఓడ తిప్పి రెండు డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్ళలో లోతుకి దిగి పేలే బాంబులు, వేశారు. ఏమీ కనపడక ముందుకెళ్ళిపోయారు. పెద్ద పేలుడు 12 గంటల 15 నిమిషాలకి వినపడిందని ఒడ్డున ఫిరంగుల దగ్గర కాపలా ఉండే కోస్ట్ బ్యాటరీ వాళ్ళు రిపోర్ట్ చేశారు. తర్వాత ఘాజీ నుంచి పైకి తెచ్చిన గడియారం కూడా ఆ టైం దగ్గరే ఆగిపోయి ఉందట.

మర్నాడు పొద్దున్న చేపల వేటకి వెళ్ళిన జాలర్లు నీళ్ళ మీద నూనె తెట్టు, తేలుతున్న సామాన్లు చూసి కొన్ని ఒడ్డుకి తెచ్చారు. నేవీ డైవర్లు దిగారు. మాకు అధికారికంగా తెలిసింది డిసెంబర్ 9న, పేపర్లో, రేడియోలో. అప్పటికే జాలరిపేట నుంచి కబురు ఊరంతా పాకిపోయింది లెండి, ఆ సంగతి చెప్పాలా. కానీ ఆ 9వ తారీఖు రాత్రే అటు డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీ మునిగిపోయింది, కెప్టెన్ ముల్లాతో కలిపి 194 మంది పోయారు. మా వీధిలో సంబరం ఒక రోజు కూడా సరిగ్గా నిలబడలేదు. అన్నయ్యకి ఖుక్రీలో స్నేహితుడు ఉండేవాడు, ఇంక దాని గురించి అతను ఎప్పుడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

ఇటు విక్రాంత్ మాత్రం 4వ తారీఖు పొద్దున్నే పని మొదలుపెట్టింది. డెక్ మీంచి సీ హాక్ యుద్ధ విమానాలు లేచి కాక్స్ బజార్, తర్వాత చిట్టగాంగ్, అలా తీరం పొడుగునా రేవుల్నీ రన్‌వేల్నీ ఓడల్నీ కొట్టాయి. రాత్రుళ్ళు ఆలిజే విమానాలు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ ఆ బీటల బాయిలర్ ని బతిమాలుకుంటూ నడిపించాడు. బ్రహ్మపుత్ర, బియాస్, కమోర్తా, కవరత్తి ఓడలు చుట్టూ కాపలా. ఈస్టర్న్ ఫ్లీట్ అనేది ఆ నవంబర్ 1న పుట్టిన పసిబిడ్డ, రియర్ అడ్మిరల్ శర్మ దాని కమాండర్. సముద్రం వైపు తలుపు మూసేశారు, తూర్పు పాకిస్తాన్ లో ఉన్న సైన్యానికి బయటి నుంచి సాయం రావడానికీ లేదు, తప్పించుకుపోవడానికీ లేదు.

అన్నీ అనుకున్నట్టు జరిగాయని నేననను. చివర్లో కాక్స్ బజార్ దగ్గర సైన్యాన్ని ఒడ్డుకి దించే ఆపరేషన్ ఒకటి హడావుడిగా చేశారు, ఆ ఒడ్డు ఎలా ఉంటుందో ఇసక మేటలు ఎక్కడున్నాయో సరిగ్గా తెలియకుండా, ఒడ్డు అనుకుని దిగితే లోతు నీళ్ళు, జవాన్లు మునిగి చనిపోయారు. వాళ్ళకి సముద్రం అలవాటు కూడా లేదు. గెలిచిన యుద్ధంలో ఇలాంటివి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

డిసెంబర్ 16న ఢాకా రేస్ కోర్స్ మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగిపోతూ సంతకం పెడుతున్న ఫోటో అందరూ చూసే ఉంటారు. నియాజీ, పక్కన మన జనరల్ ఆరోరా గారు కూర్చుని ఉంటారు, వెనకాల నిలబడ్డవాళ్ళలో నేవీ టోపీ పెట్టుకున్నాయన కృష్ణన్ గారే. ఆ ఫోటో పేపర్లో వచ్చినప్పుడు నేవీ అన్నయ్య దాన్ని కత్తిరించి గోడకి అంటించాడు, మైదాపిండి మా అమ్మే ఉడికించి ఇచ్చింది. ఆ రోజే ఢాకాలో ఇంకోటి జరిగింది. తూర్పు పాకిస్తాన్ నేవీ పెద్ద రియర్ అడ్మిరల్ షరీఫ్ తన పిస్టల్ తీసి ఎవరికో కాకుండా కృష్ణన్ గారి చేతికే ఇచ్చాడట, ఎలాగూ ఆయుధం ఇచ్చెయ్యాలి, అది మీకే ఇస్తానని. యుద్ధం చేసిన రెండు నేవీల పెద్దలు అలా ఎదురుపడటం, అందులో ఒకళ్ళ చెయ్యి ఇంకొకళ్ళ ముందు చాచి ఉండటం, తల్చుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. షరీఫ్ తర్వాత పాకిస్తాన్ నేవీకే చీఫ్ అయ్యాడు. కృష్ణన్ గారికి పద్మభూషణ్ వచ్చింది, నేవీ తర్వాత కొచ్చిన్ షిప్ యార్డుకి పెద్దగా చేశారు, 1982 జనవరి 30న పోయారు.

ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ గొడవ తెగలేదు. కృష్ణన్ గారు రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీలే అని చివరిదాకా అన్నారు. పాకిస్తాన్ వాళ్ళు తాము పరుస్తున్న మైన్ల మీద తామే పడి ఉంటామనో, లోపలే ఏదో పేలిందనో అంటారు. మనవాళ్ళలో కూడా లోపలి పేలుడే అనేవాళ్ళు ఉన్నారు, మామూలు మనుషులు కాదు, నేవీ చరిత్ర రాసిన పెద్ద ఆఫీసర్లే. ప్రతి డిసెంబర్ లోనూ ఎవరో ఒకరు ఇదే పట్టుకుని కొట్టుకుంటారు. నాకు ఆ గొడవలో ఆసక్తి లేదు. పేల్చింది డెప్త్ ఛార్జీ కావచ్చు, మైన్ కావచ్చు, కానీ అది అండమాన్ దగ్గర విక్రాంత్ ని వెతక్కుండా డాల్ఫిన్స్ నోస్ ముందుకి ఎందుకొచ్చిందో దాని మీద గొడవేం లేదు కదా. అక్కడికి రప్పించింది ఆయన. నా లెక్కలో గెలుపు ఆ రప్పించడంలోనే అయిపోయింది, తర్వాతదంతా ఎవరి ఖాతాలో వేసుకున్నా ఒకటే.

ఇంకో మాట. అందులో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. మా ఊరి ముందు నీళ్ళలో అడుగున ఇప్పటికీ ఆ ఇనుప పెట్టె అలాగే ఉంది, 2024లో కూడా మన నేవీ వాళ్ళు కొత్త యంత్రంతో దిగి దాని జాడ చూశారు. ఆర్కే బీచ్ లో విక్టరీ ఎట్ సీ స్మారకం 1996లో కట్టారు, ఆ రోజుల్లో నేను అక్కడికి నాన్నని తీసుకెళ్తే ఆయన మన పేర్లూ అన్నీ ఓపిగ్గా చదివి, చివరికి సముద్రం వైపు కూడా ఒక దండం పెట్టాడు. ఎందుకు నాన్నా అంటే "వాళ్ళకీ అమ్మలుంటారు కదరా" అన్నాడు, తల్లికి బాగాలేదని పంపిన ఆ దొంగ మెసేజ్ గుర్తొచ్చి అన్నాడో మామూలుగా అన్నాడో తెలీదు.

కూరగాయల సంగతి నాన్నకి తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, ఎనభైల్లో. నేవీ అన్నయ్య రిటైరై శ్రీకాకుళం వెళ్ళిపోయాడు, ఒకసారి ఏదో పెళ్ళికి వచ్చి మా ఇంట్లో దిగాడు. కృష్ణన్ గారు ఆ యుద్ధం గురించి స్వయంగా రాసింది చదివానని, విక్రాంత్ అసలు ఆ నెల మన ఊరి దరిదాపుల్లోనే లేదని, రేషన్ ఆర్డర్ అంతా బజారు నమ్మడానికి పెట్టిందేనని చెప్పాడు. నాన్న కాసేపు ఏమీ అనలేదు. ముందు కోపం వచ్చింది, "అంటే నన్ను మోసం చేశాడన్నమాట" అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. తర్వాత మెల్లిగా నవ్వు మొదలైంది, అలా నవ్వడం నేను చాలా తక్కువసార్లు చూశాను, "మీ పిన్ని నూతి దగ్గర చెప్పింది చూడు, దానికివ్వాలిరా పద్మభూషణ్" అని కళ్ళు తుడుచుకున్నాడు.

భోజనాలప్పుడు మళ్ళీ ఆయనకే అనుమానం వచ్చింది.

"ఒరే, ఓడ రాలేదు సరే, మరి అన్ని కూరగాయలూ ఏం చేశార్రా?"

"ఏం చేస్తాం బాబాయ్, మేమే తిన్నాం. పొద్దున్న గుమ్మడికాయ, రాత్రి వంకాయ. ఇప్పటికీ మా ఇంట్లో వంకాయ వండితే నేను లేచి వెళ్ళిపోతాను, మీ కోడల్ని అడగండి."

నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "బిల్లు మాత్రం పైసాతో సహా వచ్చిందిరా, చిట్టాలో నేనే రాశాను" అన్నాడు.